వెనక్కి తిరిగి కూర్చున్న కండక్టర్

బస్సు కండక్టర్‌గా రిటైరైన మనిషి ఇంటికి కొత్త కారొస్తే ఏమవుతుంది? కారు కాస్తా బస్సవుతుంది. కొన్నది కూతురు, నడిపేదీ కూతురే. ఆయనకు డ్రైవింగ్ రాదు; ఉద్యోగమంతా "రైట్ రైట్" అనడంతోనే సరిపోయింది. వీధిలో అందరికీ ఇప్పటికీ ఆయన కండక్టరే. ఎవరూ కట్టకపోయినా కారు లోపలి రాజ్యానికి తనకు తానే పట్టం కట్టుకున్నాడు.

వస్తువుల్ని పువ్వుల్లా చూసుకోవడం సుగుణమంటారు. ఆ సుగుణంతో కాపురం చేసినవాళ్లు మాత్రం ఆ మాట అనరు. వెనక సీటుకు షోరూమ్ వాళ్లు తొడిగిన ప్లాస్టిక్‌ని ఆయన తియ్యనివ్వలేదు. దానిమీద పాత దుప్పటి, దుప్పటిమీద తువ్వాలు, తల ఆనేచోట నూనె మరక అంటకుండా దిండు గలీబు, కాళ్లకింద పాత పేపర్లు. చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కాలి. మంచినీళ్లు తాగాలంటే బండి ఆపాలి. దుమ్ము పడుతుంది కాబట్టి అద్దాలు దించకూడదు. ఎవరు కదిలినా సీటు కిర్రుమంటుంది, కిర్రుమన్నప్పుడల్లా ఆయన "ఎవరది?" అంటాడు.

ఇంతా చేసి, తను కూర్చునే ముందు సీటుకు మాత్రం ఉన్న ప్లాస్టిక్ కూడా పీకేశాడు. "నేనేమైనా చిన్నపిల్లాణ్నా?" అని ధీమా.

ఆయన భయాలన్నిటికీ కలిపి ఒకటే మొహం. అది అత్తగారిది. పెళ్లైన కొత్తలో ఆవిడ ఆయన బస్సే ఎక్కింది. కొండదారి మలుపుల్లో కడుపులో తిప్పి, చేతికి దొరికినదాంట్లో కక్కేసింది. దొరికింది కొత్తల్లుడి భుజాన వేలాడే టికెట్ల సంచి. ఆ టికెట్లను ఆయన డాబామీద ఆరేసి, గాలికి ఎగరకుండా గులకరాళ్లు పెట్టాడు. తరవాత అత్తవారింట ఎన్ని మర్యాదలు జరిగినా ఆ రాళ్లు ఆయన గుండెలమీంచి దిగలేదు.

ఇప్పుడావిడ కంటికి ఆపరేషన్ అయింది. కొండ అవతలి ఊళ్లో డాక్టరు కట్టు విప్పాలి.

"అత్తయ్యగారిని బస్సులో తీసుకెళ్దాం," అన్నాడు కండక్టర్. "కిటికీలు పెద్దవి. గాలాడుతుంది."

"కంటికి కట్టున్న మనిషిని బస్సులోనా?" భార్య గరిటె కింద పెట్టింది. "అమ్మ ఎక్కని కారు నేనూ ఎక్కను. ఆ సీట్లకు మీరొక్కరే కాపలా పడుకోండి."

"అమ్మమ్మ వస్తోంది నాన్నా," అంది కూతురు తాళాలు వేలికి తిప్పుతూ. "కావాలంటే నువ్వే బస్సులో రా. నీకు ఫ్రీ పాసుందిగా."

దాంతో దారికొచ్చాడు. బయల్దేరేముందు అత్తగారి చేతిలో ఓ ప్లాస్టిక్ కవరు పెట్టాడు. "గడ్డం కింద పట్టుకుని కూర్చోండి అత్తయ్యగారూ. ముందుజాగ్రత్త, అంతే."

ఆవిడ కట్టులేని కంటితో కవరునీ అల్లుణ్నీ మార్చి మార్చి చూసింది. "ఇది పట్టుకుంటేనే నాకు వచ్చేట్టుంది అల్లుడు గారూ," అని, దాన్ని గేటు పక్క చెత్తబుట్టలో పడేసి, తన రెక్సిన్ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూతురి పక్కన దర్జాగా కూర్చుంది.

కవరు పోయాక ఇక కాపలాయే దిక్కు. కండక్టరన్నవాడు ఎప్పుడూ జనం వైపే తిరిగి ఉంటాడు. ఆ అలవాటు కొద్దీ ఆయన ముందు సీట్లో వెనక్కి తిరిగి, సీటును కావలించుకుని, బెల్టు మెడకు చుట్టుకుంటున్నా లెక్కచెయ్యకుండా అత్తగారి మొహమ్మీద చూపు నిలిపాడు.

"నోట్లో నీళ్లూరుతున్నాయా అత్తయ్యగారూ?"

"లేదు."

"చెవులు వేడెక్కాయా?"

"లేదండీ. మీరడిగితే మాత్రం అరికాలు మండుతోంది."

"నాన్నా, ముందుకు తిరిగి కూర్చో. మలుపులొస్తున్నాయి."

"నువ్వు రోడ్డు చూడమ్మా. వెనక సంగతి నేను చూసుకుంటా."

మలుపులొచ్చాయి. మూసిన అద్దాలు, కొత్త ప్లాస్టిక్ వాసన, వెనక్కి పరిగెత్తే కొండ. ఆయన లక్షణాలు అడుగుతూనే ఉన్నాడు. "నుదుటిమీద చెమట..." అని ఆగిపోయాడు. చెమట పట్టింది ఆయన నుదురే.

"అల్లుడు గారూ, మీ మొహం పాలిపోయింది."

"నాకా? నాకేం..."

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చూపు మాత్రం తన కిందున్న సీటు మీదే ఉంది. కారు మొత్తంలో ఆయన ప్లాస్టిక్ పీకేసిన ఒకే ఒక్క సీటు.

"కవరు! కవరేదీ?" భార్య కేకపెట్టింది. కవరు ఇంటి దగ్గర చెత్తబుట్టలో హాయిగా ఉంది.

అత్తగారు తడబడలేదు. సంచిలోని కళ్లజోడు పెట్టె, దువ్వెన, చుక్కలమందు ఒళ్లోకి దులిపేసి, సంచి నోరు బార్లా తెరిచి అల్లుడి గడ్డం కింద పట్టింది.

సీటుమీద చుక్క పడలేదు.

కూతురు ఓ చేతిపంపు పక్కన బండి ఆపింది. కండక్టర్ సంచి పట్టుకుని దిగాడు. వెనకే అత్తగారు దిగింది.

"ఆ రోజు మీ సంచి నేను కడగలేదు అల్లుడు గారూ. సిగ్గేసి తరవాతి స్టాపులో దిగిపోయాను."

"గుర్తుందండీ. నేనే కడుక్కున్నాను."

"అలవాటున్న చెయ్యి. ఇదీ మీరే కడగండి."

భార్య నవ్వాపుకోలేక, మొహం అటు తిప్పుకుని పంపు కొట్టింది.

కడిగి వచ్చేసరికి ముందు సీట్లో అత్తగారు కూర్చుని ఉంది, చెప్పులతో సహా. అద్దం పూర్తిగా దించి ఉంది. ఆయన నోరు తెరవబోయి, తెరిస్తే ఏమొస్తుందోనని మూసుకున్నాడు. వెనక్కి వెళ్లి, తను పరిచిన తువ్వాలు మీద, దుప్పటి మీద, ప్లాస్టిక్ మీద కూర్చున్నాడు. కిర్రుమంది.

"ఎవరది?" అంది అత్తగారు, తల తిప్పకుండానే.

"నేనే అత్తయ్యగారూ."

"ముందుకు చూసి కూర్చోండి. రైట్, పోనియ్యవే."