బావ పెన్‌డ్రైవ్

విండోస్‌కు బదులు లినక్స్ వాడేవాళ్ల సమావేశాల్లో నేను చాలాసార్లు చెప్పిన కథ ఒకటుంది. చెన్నై చింతాద్రిపేటలో మా అక్క ఇంటి పాత కంప్యూటర్‌కు బావ పెన్‌డ్రైవ్ నుంచి వైరస్ పట్టిందనీ, అందులో ఆమె రాసుకున్నవన్నీ పోయాయనీ, అప్పుడు నేను లినక్స్ ఎక్కించి దానికి మళ్లీ ప్రాణం పోశాననీ చెప్పేవాణ్ణి. పదో తరగతి చదివిన అక్క, ఆసుపత్రిలో లిఫ్ట్ నడిపే బావ ఆ రోజు నుంచి దాన్ని ఏ ఇబ్బందీ లేకుండా వాడుకుంటున్నారని ముగించేవాణ్ణి. అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు.

ఆ చివరి మాటలో కూడా సగమే నిజం. అక్క వాడుకుంది. బావ దాన్ని ముట్టుకోలేదు. వైరస్ అసలు లేనే లేదు. అక్క రాసుకున్నవి పోగొట్టింది నేను.

అక్క ఆదివారం సాయంత్రాలు తమ వీధి పిల్లలకు తెలుగు చదవడం నేర్పేది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదివే పిల్లలు వాళ్లు. ఆంధ్రా నుంచి తెప్పించిన వాచకాల్లో మాటలు వాళ్లకు ఒంటబట్టలేదు. అందుకని తనే పాఠాలు రాయడం మొదలుపెట్టింది. మొదటి పాఠం నాకిప్పటికీ కంఠతా వచ్చు: "ఈడ నీళ్ల లారీ వచ్చింది. ఆడ బిందెలు నిలబడినాయి. అవ్వ బిందె ముందు ఉండాది." ఆరేళ్లపాటు వంట ముగించాక కూర్చుని, రెండు వేళ్లతో టైపు చేసి నలభై పాఠాలు తయారుచేసింది. బావ వాటిని తన పెన్‌డ్రైవ్‌లో వేసుకుని జెరాక్స్ అంగడికి తీసుకుపోయి ప్రింటు తీయించేవాడు. ఆ పెన్‌డ్రైవ్‌లోనే స్నేహితుల దగ్గర్నుంచి పాత పాటలు కూడా తెచ్చుకునేవాడు.

మా ఇళ్లలో కంప్యూటర్ విషయంలో ఒక నమ్మకం ఉండేది. పోకూడనిదేదైనా డి డ్రైవ్‌లో పెట్టాలి. మెకానిక్ వచ్చి ఫార్మాట్ చేస్తే సి డ్రైవ్ పోతుంది, డి డ్రైవ్ ఉంటుంది. బీరువాలో లాకర్ లాంటిదన్నమాట. అక్క కూడా అదే నమ్మింది. కంప్యూటర్ మరీ నెమ్మదించిందని నేను లినక్స్ ఎక్కించడానికి వెళ్లిన ఆదివారం, పని మొదలుపెట్టేముందు వంటింట్లోంచి కేకేసింది కూడా.

"అంతా డి లోనే పెట్టుండానురా. చూసి చెయ్యి."

"నాకు చెప్తావా అక్కా! నేను దినమూ చేసే పనే ఇది."

అదే నా తప్పు. షోళింగనల్లూరు ఆఫీసులో నేను దినమూ చేసేది కొత్త సర్వర్లకు. అవి ఖాళీవి. డిస్కు మొత్తం తుడిచి ఎక్కించాలా అని తెర మీద ప్రశ్న వస్తుంది, అవునని నొక్కుతాం. ఆ రోజు కూడా చెయ్యి అలవాటుగా నొక్కేసింది. సి, డి తేడా లేకుండా డిస్కు మొత్తం పోయింది.

అది తెలియక ముందు ఇల్లంతా నవ్వులే. తెర మీద లినక్స్ గుర్తు పెంగ్విన్ బొమ్మ చూసి బావ, "ఏం బామ్మర్దీ, ఈ పక్షి మెడ్రాసు ఎండకు బతుకుతాదా?" అన్నాడు.

"నీకన్నా గట్టిది బావా. దీనికి వైరస్ కూడా రాదు."

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. వెతికింది. "నా పాఠాలేడరా?"

అప్పుడు నేనూ వెతికాను. ఏం జరిగిందో నాకు వెంటనే తెలిసిపోయింది. అయినా నోరు ఆగలేదు. "వైరస్ అక్కా. నేను ముట్టుకోకముందే తినేసుండాది."

"వైరసా? ఎట్లొస్తాది?"

బావ చొక్కా జేబులోంచి పెన్‌డ్రైవ్ తాడు వేలాడుతూ ఉంది. నేను దాన్ని చూశాను. నేను చూడటం అక్క చూసింది. "ఇట్లాంటివాటితోనే" అన్నాను.

అక్క బావను తిట్టలేదు. తిట్టి ఉంటే బావ ఏదో ఒకటి చెప్పుకునేవాడు. "నీ పాటల పిచ్చి" అని మాత్రం అని లోపలికి పోయింది. బావ జేబు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

వారం తర్వాత నన్ను వాకిట్లోనే ఆపి మెల్లగా అడిగాడు. "జెరాక్స్‌కు ఎత్తుకుపోయిన పాఠాలు దీంట్లో కొన్ని ఉంటాయప్పా. ఆ పక్షికి వైరస్ రాదంటివే. పెట్టి చూస్తామా?"

న్యాయమైన ప్రశ్న. పెట్టి చూడవచ్చు. కానీ పెడితే పెన్‌డ్రైవ్ శుభ్రంగా ఉందని తేలుతుంది, నా అబద్ధం బయటపడుతుంది. "ఒద్దు బావా. దాంట్లో ఉండేవి కూడా చెడిపోయుంటాయి. ఎక్కడా పెట్టబాక. పారేయ్" అన్నాను. కంప్యూటర్ సంగతుల్లో మా ఇంట్లో నా మాటకు తిరుగులేదు.

ప్రింటు తీసిన కాగితాలు పిల్లల చేతుల్లో ఎప్పుడో చిరిగిపోయాయి. అక్క గుర్తున్న పాఠాలు మళ్లీ రాయబోయింది. ఏడో ఎనిమిదో రాసి ఆపేసింది. "ముందు మాదిరి రావట్లేదురా" అనేది. వర్షాలు మొదలయ్యేసరికి ఆదివారం క్లాసు కూడా ఆగిపోయింది. నేను మాత్రం ఈ కథను సమావేశాలకు మోసుకుపోయాను.

ఏడేళ్లు గడిచాయి. బావ ఆసుపత్రి పనిలోంచి రిటైరయ్యాడు. పోయిన నెల నేను వాళ్లింట్లో ఉండగా ఆయన ఫోనుకు ఆసుపత్రి నుంచి ఒక కాగితం వచ్చింది. దాన్ని ప్రింటు తీసి సంతకం పెట్టాలి. ఆయన చెప్పులేసుకుని గొడుగు తీశాడు.

"ఎక్కడికి బావా?"

"బ్రౌజింగ్ సెంటర్‌కు."

"ఇంట్లోనే కంప్యూటరుంది, ఇప్పుడు ప్రింటరూ ఉంది!"

"అది మీ అక్కది. నా చెయ్యి పడి ఒకసారి పోయింది చాలదా?" నవ్వుతూనే అన్నాడు. ఏడేళ్లుగా ఆయన ప్రతి కాగితానికీ అలా వీధి చివరిదాకా నడుస్తున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

ఆయన చేతిలోంచి గొడుగు తీసుకుని పక్కన పెట్టాను. ఇద్దరినీ కూర్చోబెట్టి జరిగింది చెప్పాను, సమావేశాల్లో కొట్టించుకున్న చప్పట్లతో సహా. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అక్క నా వైపు చూడలేదు, బావను చూసింది. బావ, "పెట్టి చూస్తామా అని అడిగితినే" అన్నాడు.

"అడిగావు బావా."

"ఒద్దంటివి."

"అన్నాను."

లేచి స్టూలెక్కి అటక మీది బిస్కెట్ డబ్బా దించాడు. రబ్బరు బ్యాండు చుట్టిన ప్లాస్టిక్ కవర్లో పెన్‌డ్రైవ్ ఉంది. "పారేయను మనసు రాలే" అన్నాడు.

నేనే పెట్టాను. పాటలు ఉన్నాయి. వాటి కింద అక్క పాఠాలు, పందొమ్మిది. ఒక్కటీ చెడలేదు. అక్క మొదటిది తెరిచి నీళ్ల లారీ పాఠం పైకి చదివింది. మూడో వాక్యం దగ్గర ఆగి, "దీన్ని ఇప్పుడెవురికి చెప్పేదిరా? ఆ పిల్లకాయలు ఇప్పుడు నాతో కూడా తమిళంలోనే మాట్లాడతారు" అంది.

"క్షమించు అక్కా" అన్నాను.

"నాకెందుకు చెప్తావు? మీ బావను దోషిని చేసి ఊరంతా చప్పట్లు కొట్టించుకొంటివి గదా. పోయి ఆ చప్పట్లు కొట్టినోళ్లకు చెప్పు."

అందుకే ఇది రాస్తున్నాను. ఆ సమావేశాల్లో నా కథ విన్నవాళ్లు దయచేసి దాన్ని ఇలా దిద్దుకోండి: ఆ ఇంట్లో వైరస్ లేదు, బావ తప్పేమీ లేదు.

నేను బయల్దేరుతుంటే బావ కంప్యూటర్ ముందు నిలబడి ఉన్నాడు. పెన్‌డ్రైవ్ బయటికి తీసి అరచేతిలో పెట్టుకుని, "ఇప్పుడు నేను పెట్టొచ్చునా?" అని అడిగాడు. ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు. పెట్టొచ్చు బావా అన్నాను. అయినా అక్క వైపు ఒకసారి చూసి, ఆమె తలూపాకే పెట్టాడు.