లాకు దగ్గర సూరయ్య చెప్పిన మాట

ఏటా కాలవలకి నీళ్ళు వదిలే రోజులు దగ్గరపడితే నాకు అన్నం సయించదు. షుగరేమోనని మా ఆవిడ రెండుసార్లు రక్తపరీక్ష చేయించింది. షుగరు లేదు. ఉన్నది ఒక అబద్ధం. ఇన్నేళ్ళుగా దాన్ని మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకి చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది.

పేరు రాయను. ఊరు కూడా రాయను. నిడదవోలు వైపు ఒక కాలవ మీద పాత లాకు అనుకోండి. తెల్లదొరల కాలంలో కట్టింది. ఎగువ కాలవ ఎత్తు, దిగువ కాలవ పల్లం. మధ్యలో రాతిగోడల తొట్టి, దానికి రెండు వైపులా పెద్ద టేకు తలుపులు. పడవ తొట్టిలోకి వచ్చాక దిగువ తలుపులు మూసి, పైనుంచి నీళ్ళు వదిలితే పడవ మెల్లగా పైకి లేస్తుంది. ఆ తలుపులు చూసుకునే మనిషిని లస్కరు అంటారు. మా లస్కరు సూరయ్య. నేను తొంభైలలో నీటిపారుదల శాఖలో కొత్తగా ఉద్యోగంలో చేరిన వర్క్ ఇన్‌స్పెక్టర్ని.

సూరయ్యకి అప్పటికే యాభై దాటాయి. లాకు పక్కనే రెండు గదుల క్వార్టర్లో భార్య మంగమ్మతో ఉండేవాడు. పిల్లలు లేరు. తలుపులు తిప్పే పళ్ళచక్రాలకి వారం వారం నూనె పెట్టి, చేతికంటిన నూనె తన గడ్డానికి రాసుకుని నవ్వేవాడు. కాలవ మీద ఎవరు పిలిచినా “లాకు సూరయ్యా” అనే పిలిచేవాళ్ళు. ఇంటిపేరు ఎవరికీ అక్కర్లేదు.

ఆ వేసవిలో కాలవలకి నీళ్ళు కట్టేశాక లాకు బాగుచెయ్యమని ఆర్డరొచ్చింది. రాళ్ళ సందుల్లో సిమెంటు, పైన నడిచే వంతెనకి కొత్త చెక్కలు, తలుపులకి తారు. పని చూడాల్సింది నేను. తారు పూయడం రేపనగా, పొద్దున్నే సూరయ్య వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

“అయ్యా, దిగువ ఎడమ తలుపు అడుగున కీలు నెర్రెబారిందండి. నీళ్ళు లేనప్పుడే కనపడుద్ది. ఒక్కసారి దిగి చూడండి.”

“చూస్తాలే” అన్నాను.

చూద్దామనే అనుకున్నాను. ఇది మీరు నమ్మాలి. మధ్యాహ్నం పనివాళ్ళు భోజనాలకి వెళ్ళాక గోడలో దిగేసిన ఇనప మెట్ల మీద నాలుగు మెట్లు దిగాను. కింద నాచు, మోకాలు లోతు బురద, కుళ్ళు వాసన. గోడ సందులోంచి ఒక పాము జారుకుంటూ పోయింది. పైకి వచ్చేశాను. సూరయ్యని తోడు పిలవచ్చు. బురద తోడించమనచ్చు. రేపు దిగచ్చు. కానీ భయపడ్డానని సూరయ్యకి తెలుస్తుందేమోనని సిగ్గు. ఆ సిగ్గుతోనే చెట్టు కింద కూర్చుని రిజిస్టరులో రాశాను: “అడుగు వరకూ దిగి చూడడమైనది. తలుపులు, కీళ్ళు బాగున్నవి.” కింద సంతకం పెట్టాను. పాము వల్లే రాశానా? పాము లేకపోతే దిగేవాణ్ణా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది.

సాయంత్రం సూరయ్య అడిగాడు, చూశారా అండి అని. చూశాను, ఈ ఏడాదికి పరవాలేదన్నాను. అతను తలూపి వెళ్ళిపోయాడు. చదువుకున్నవాణ్ణి కదా, నమ్మాడు.

నీళ్ళు వదిలిన మూడో రోజో నాలుగో రోజో, ఉదయం ఎనిమిదింటికి ఒక గడ్డి పడవ వచ్చింది. పడవ మీద ఇద్దరే, పోలమ్మ, ఆమె మొగుడు. పోలమ్మ పక్కగోడ మీద చెయ్యి ఆన్చి పడవ గోడకి రాసుకోకుండా ఆపుతోంది. తొట్టి సగం పైగా నిండింది. అప్పుడు కింది నుంచి ఏదో ఫెళ్ళున విరిగిన చప్పుడు. ఎడమ తలుపు ఒక్కసారిగా ఒరిగిపోయింది. నీళ్ళన్నీ దిగువకి దూకాయి. పడవ అడ్డం తిరిగి గోడని కొట్టింది. పోలమ్మ చెయ్యి ఆ మధ్యలో ఉంది.

నేను వంతెన మీదే ఉన్నాను. మొదట దూకింది సూరయ్య.

రాజమండ్రి ఆసుపత్రిలో ఆమె కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారు.

మర్నాడు పెద్ద ఆఫీసరు జీపులో వచ్చాడు. లాకు గట్టు మీదే కుర్చీ వేయించుకుని విచారణ పెట్టాడు. సూరయ్య తొందరపడి, తొట్టిలోకి నీళ్ళొదిలే రెండు తూములూ ఒకేసారి ఎత్తేశాడని అప్పటికే ఎవరో అన్నారు. సూరయ్య తువ్వాలు రెండు చేతుల్తో పట్టుకుని, ఒక్కటే ఎత్తానండి, కీలు నెర్రెబారిందని ముందే ఇన్‌స్పెక్టరు గారికి చెప్పానండి అన్నాడు. ఆఫీసరు నా వైపు తిరిగాడు. చెప్పాడా?

ఎంతసేపు ఆలోచించాను? ఆలోచించానా అసలు? రిజిస్టరు ఆయన ఒళ్ళోనే ఉంది, నా సంతకం ఉన్న పేజీ తెరిచి ఉంది.

“లేదండీ” అన్నాను.

సూరయ్య నా మీద అరవలేదు. నా మొహంలోకి చూశాడు, అంతే. విరిగిన కీలు ముక్క బురదలోనే ఎక్కడో ఉండాలి. వెతికితే పాత నెర్రె బయటపడేది. వెతకమని ఎవరూ అనలేదు. నేను అనలేదు.

సూరయ్యని పనిలోంచి తీసేశారు. క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. సామాను రిక్షాలో ఎక్కిస్తుంటే మంగమ్మ నన్ను చూసి, మీరన్నా ఓ మాట చెప్పండి బాబూ అంది. నిజం ఆమెకి తెలియక కాదు, నా మీద ఆశ చావక అంది. కొత్త తలుపులు నేనే దగ్గరుండి పెట్టించాను. ఈసారి బురదలోకి దిగాను. ప్రతి కీలూ చేత్తో తడిమాను. జాగ్రత్త గల మనిషినని ఆఫీసులో పేరొచ్చింది. ఆ పేరు విన్నప్పుడల్లా ఎవరో వెనక నిలబడి నవ్వుతున్నట్టు ఉండేది.

ఇంతవరకే అయితే భయం వల్ల జరిగిందని సరిపెట్టుకునేవాణ్ణేమో. ఇంకోటుంది.

ఏడెనిమిదేళ్ళ తర్వాత, లాకు గట్టు మీద నాటడానికి మొక్కల కోసం కడియం వెళ్ళాను. ఒక నర్సరీలో ప్లాస్టిక్ సంచుల్లో మట్టి నింపుతూ సూరయ్య కనపడ్డాడు. బాగా వంగిపోయాడు. తప్పించుకుందామనుకునే లోపే లేచి దణ్ణం పెట్టాడు. తలుపులు ఎలా ఉన్నాయండి అని అడిగాడు. బాగున్నాయన్నాను. చేతుల మట్టి దులుపుకుంటూ దగ్గరికొచ్చాడు.

“అయ్యా, ఒక మాట అడగనా అండి? కోపం తెచ్చుకోకండి. ఆ కీలు సంగతి మీకు నేను నిజంగా చెప్పానా అండి?”

నేను పక్కనున్న మొక్కల వైపు తిరిగాను.

“చెప్పాననే అనుకున్నానండి ఇన్నాళ్ళూ. కానీ మీలాంటివారు అబద్ధం ఎందుకాడతారండి? చెబుదామనుకుని మర్చిపోయానేమో. చెప్పినట్టు కలగన్నానేమో. పోలమ్మ చెయ్యి నా మూలంగానే పోయిందేమోనని నిద్ర పట్టదండి. మీరు చెబితే తేలిపోద్ది.”

ఆఫీసరు లేడు. రిజిస్టరు లేదు. ఆ ఉద్యోగం ఎలాగూ అతనికి తిరిగి రాదు. నన్ను ఎవరూ ఏమీ చెయ్యరు. ఒక్క మాట. అవును అంటే చాలు.

“ఎప్పటి సంగతో, ఇప్పుడెందుకు సూరయ్యా, వదిలెయ్” అన్నాను.

అతను “అంతేలెండి, చెప్పుండను” అన్నాడు. వెళ్ళి మళ్ళీ మట్టి ముందు కూర్చున్నాడు.

ఉద్యోగం తీయించడం ఒక తప్పు. ఆ మనిషికి తన మాట మీద తనకే నమ్మకం లేకుండా చెయ్యడాన్ని ఏమనాలి?

మొన్న వానాకాలంలో సూరయ్య పోయాడని నర్సరీ వాళ్ళు చెప్పారు. మంగమ్మ ఉంది. వాళ్ళ వీధి మొదట్లో స్కూటరు ఆపి, ఆపినట్టే వెనక్కి తిప్పుకొచ్చేశాను. పోలమ్మ ఎక్కడుందో కనుక్కోలేదు. కనుక్కోవడానికి భయం. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీరెవరు, పాపం. ఈ నాలుగు మాటలు ఒక్కసారి కాగితం మీద పెట్టాలి, అంతే.

మీరు చెప్పారు సూరయ్య గారూ. నేను విన్నాను.