ఇరవై ఏడు కన్నాలు

ఒక వానాకాలం ఉదయం ఆయన ఒంటి వీపుతో కొండను ఆపాడు. నమ్మనివాళ్ళు కొండ కింది రాతిగోడ దగ్గరికెళ్ళి చూసుకోవచ్చు, వీపు ఆనిన చోట రాయి ఇప్పటికీ నున్నగా ఉంటుంది. కొండ మొదట కాస్త బెట్టు చేసిందట. తరువాత ఆయన భుజాల వెడల్పు చూసి, ఎందుకొచ్చిన గొడవలెమ్మని సర్దుకు కూర్చుందట.

వీధిలో అందరూ ఆయన్ను కెప్టెన్ అంటారు. పద్దెనిమిదో ఏట నేవీలో చేరి పదిహేనేళ్ళు ఓడ అడుగునే బతికాడు. ఎక్కడ చిల్లు పడితే అక్కడికి చెక్క బిరడాలు, గుడ్డలు, సిమెంటు పట్టుకుని పరుగెత్తడం ఆయన ఉద్యోగం. ఒకసారి సరిపడే బిరడా దొరక్క మోచెయ్యి దూర్చి, రేవు చేరేదాకా అలాగే నిలబడ్డాడనీ, బయటినుంచి ఒక చేప వచ్చి వేలు కొరుకుతున్నా చెయ్యి తియ్యలేదనీ చెప్పుకుంటారు. ఆ చేపకు పళ్ళు ఊడాయని కూడా కొందరంటారు.

ఆ పదిహేనేళ్ళూ భార్య ఒంటిచేత్తో సంసారం ఈదుకొచ్చింది. కూతురికి మూడేళ్ళప్పుడు ఆయన సెలవు మీద వస్తే, పిల్ల తలుపు తీసి, "అమ్మా, ఫొటోలో అంకుల్ వచ్చాడు!" అని కేకేసింది. ఆ మాట ఆయన పదిమందికి చెప్పి నవ్వించాడు. వంటింట్లో ఆవిడకు మాత్రం నవ్వు రాలేదు.

ముప్పై మూడో ఏట నేవీకి దండం పెట్టి ఇంటికొచ్చాడు. సరుకుల ఓడల కంపెనీ ఒకటి, మా దగ్గరికి రండి, ఎప్పుడైనా సరే, అని ఉత్తరం రాసింది. ఆయన దాన్ని అలమారలో పడేసి ఇంజనీరింగు కాలేజీలో చేరాడు. మొదటిరోజు గదిలోకి అడుగుపెడితే, లెక్చరరనుకుని క్లాసంతా లేచి నిలబడింది. ఆయన కూడా మొహమాటం కొద్దీ కూర్చోమని సైగచేసి, వెళ్ళి చివరి బెంచీలో సర్దుకున్నాడు. సాయంత్రాలు తండ్రీ కూతుళ్ళు ఒకే బల్ల మీద చదువుకునేవారు. ఆమె ఎక్కాలు ఆయన అప్పజెప్పించుకునేవాడు, ఆయన సూత్రాలు ఆమె.

చిల్లు కనబడితే మాత్రం చెయ్యి ఊరుకునేది కాదు. బల్లి దూరే సందు పూడ్చాడు, తలుపు కింద ఖాళీ పూడ్చాడు, చివరికి వంటింటి పొగ పోయే కిటికీకీ చెక్క బిగించాడు.

"ఏవండీ, ఇది ఇల్లండీ. మునగదు," అంది ఆవిడ దగ్గుతూ.

"అలవాటు."

"ఆ అలవాటుకి నా కళ్ళు పోయేలా ఉన్నాయి. ముందా చెక్క ఊడబీకండి."

పీకేశాడు. పీకేటప్పుడు ఆయన మొహం చూసి ఆవిడకే జాలేసింది.

ముప్పై ఎనిమిదో ఏట మునిసిపాలిటీలో ఇంజనీరు ఉద్యోగం దొరికింది. మొదటి పని, మట్టిగట్టు జారిపోకుండా రాతిగోడ కట్టించడం. గట్టు మీద రోడ్డు, గట్టు కింద వరసగా ఆరిళ్ళు. అందులో చివరిది వీళ్ళు అద్దెకున్న ఇల్లే. గోడకు మూడు వరసల్లో, వరసకు తొమ్మిది చొప్పున ఇరవై ఏడు కన్నాలు పెట్టించాడు. మట్టి తాగిన నీరు బయటికి పోవడానికి దారి అది. నీరు వెనకే నిలిచిపోతే ఆ బరువుకు ఎంత గోడైనా ఒరుగుతుంది. పరీక్షలో ఈ ప్రశ్నకు ఆయనకు పదికి పది వచ్చాయి.

తొలి జల్లుకు కన్నాల్లోంచి ఎర్రనీళ్ళు కారాయి. మొదటింటి మామ్మగారు చీపురుతో సహా వచ్చేసింది.

"ఏం గోడ కట్టావు నాయనా! పట్టుమని నెల కాలేదు, అప్పుడే కారుతోంది! నా గుమ్మం చూడు, ఎలా తగలడిందో!"

కారుతోంది! పదిహేనేళ్ళలో ఆయన్ను ఎవరూ అనని మాట. తల కాలేజీకి వెళ్ళింది గాని చేతులు వెళ్ళలేదు. ఆ మధ్యాహ్నమే తాపీ పట్టుకున్నాడు.

మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు. "సారూ, అవి మూసేవి కావండీ!"

"ఓ నాలుగు రోజులే మేస్త్రీ. కింద కాలవ తవ్వించి మళ్ళీ తెరుద్దాం."

ఇరవై ఏడూ మూశాడు. చుక్క కారితే ఒట్టు. మామ్మగారు ఆశీర్వదించి వెళ్ళింది. కాలవ తవ్వేలోపు వాన పట్టుకుంది, మూడు రోజులు తెరిపి ఇవ్వలేదు.

మూడోరోజు పొద్దున ఆవిడ పెరటి తలుపు తీసేసరికి, ఆయన వానలో గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. మడమలు గోడ మొదటికి ఆన్చాడు, తల మాత్రం ముందుకు వచ్చేసింది.

"ఏమైందండీ?"

"ఒరిగింది. రెండు వేళ్ళ మందం."

ఆయన గొంతు వణకలేదు. ఓడలో అలాగే మాట్లాడేవాడేమో అనుకుంది. ఆ గొంతు ఆవిడ వినడం అదే మొదటిసారి.

"నువ్వు ఇళ్ళు ఖాళీ చేయించు. కన్నాలు పొడిస్తే గోడ అదిరి పడినా పడొచ్చు. ఆఖరి మనిషి రోడ్డెక్కాక నాకు కేకెయ్యి."

ఆవిడ ఆరు తలుపులూ బాదింది. పిల్లల్ని కూతురికి అప్పగించింది. కదలనని మొండికేసిన మామ్మగారిని వీపున వేసుకుని మెట్లెక్కింది. "పడేస్తావే, పడేస్తావే!" అంటూ మామ్మగారు దారంతా తిడుతూనే ఉంది. కేక వినబడ్డాక, ఆయనా, అప్పటికి పరుగెత్తుకొచ్చిన మేస్త్రీ గోడకు చెరో కొసనా నిలబడి గునపాలతో పొడవడం మొదలుపెట్టారు. మొదటి కన్నం తెరుచుకోగానే నీళ్ళు తూటాలా వచ్చి మేస్త్రి తలపాగా ఎగరగొట్టాయి. (ఆ తలపాగా పక్క ఊళ్ళో దొరికిందంటారు.) రెండు, మూడు, పది... ఇరవై ఏడో కన్నం దగ్గర ఆయన అరచేతులు రెండూ చీరుకుపోయాయి. మేస్త్రి గోడ నిలువు చూసే గుండు దారం వేలాడదీసి, గంటసేపు కన్నార్పకుండా చూశాడు. గోడ అక్కడే ఆగింది.

మునిసిపాలిటీ పెద్దసారు జీపు దిగుతూనే అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఎవడు మూశాడివి?"

మేస్త్రి కెప్టెన్ చెవిలో గొణిగాడు. "కట్టేటప్పుడు సున్నం పడి పూడిపోయాయని చెప్పేయండి సారూ. నన్ను తిట్టి వదిలేస్తారు. కొత్త ఉద్యోగం మీది."

ఆయన రోడ్డు మీదున్న భార్యకేసి చూశాడు. ఆవిడకు అలమారలోని ఉత్తరం కళ్ళముందు మెదిలింది. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ ఓడ, మళ్ళీ గోడమీద ఫొటో. అయినా అంది:

"ఉన్నమాట చెప్పండి."

"నేనే మూశాను సార్."

"నువ్వు ఇంజనీరువా, నావికుడివా?"

"ఈ పొద్దుటిదాకా నావికుణ్ణే సార్."

పెద్దసారు ఆ చీరుకుపోయిన చేతుల్ని చూశాడు. గోడను చూశాడు. ఆరు గడపల జనాన్ని చూశాడు. మెమో ఇచ్చాడు, రెండేళ్ళు ఇంక్రిమెంటు ఆపాడు. పైగా, ఊళ్ళో ఉన్న ప్రతి గోడ కన్నాలూ ఏటా వానలకు ముందు స్వయంగా చూసి రావాలని శిక్ష వేశాడు. ఆ సాయంత్రమే ఆవిడ ఓడల ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద తోసేసింది.

పెద్దసారు రిటైరయ్యాడు, ఈయనా రిటైరయ్యాడు. శిక్ష రద్దు చేసేవాళ్ళే లేకపోయారు. ఇప్పటికీ వానలకు ముందు ఒక ఉదయం ఇద్దరూ బయల్దేరతారు. ఆయన చేతిలో ఇనప ఊచ, ఆవిడ చేతిలో గొడుగు, టీ ఫ్లాస్కు. ఒక్కో కన్నంలో ఊచ పెట్టి ఆయన కెలుకుతుంటే ఆవిడ లెక్కపెడుతుంది. ఆ మొదటి గోడ దగ్గర మాత్రం కావాలనే ఇరవై ఆరు దగ్గర ఆపుతుంది. ఆయన కంగారుపడి మళ్ళీ మొదటినుంచి వెతుకుతాడు. ఈలోగా ఆవిడ తీరిగ్గా టీ పోస్తుంది.

ఇదంతా చదివి వినిపిస్తే ఆయన కళ్ళజోడు తుడుచుకుని అన్నది ఇంతే:

"కొండ కాదు, మట్టిగట్టు. పన్నెండడుగులు. వీపు ఆన్చింది ఒరిగిందో లేదో చూడ్డానికి. గోడను ఆపింది కన్నాలు. మూసింది నేను."