జాతర మీటింగులో ఏడో అంశం

తొంభైల మొదట్లో నేను డిండి వాగు ఒడ్డున ఒక పల్లెలో నర్సుగా పనిచేసేదాన్ని. వాగుకు ఇవతల మాది నల్లగొండ జిల్లా, అవతల మహబూబ్‌నగర్ జిల్లా. ఎండాకాలంలో ఆ వాగు దాటడానికి చెప్పులు కూడా విప్పక్కర్లేదు. ప్రభుత్వ కాగితం దాటాలంటే మాత్రం ముందు నల్లగొండ పోవాలి, అక్కడినుంచి హైదరాబాదు పోవాలి, తీరిగ్గా మహబూబ్‌నగర్ మీదుగా రావాలి. మనిషికి అయిదు నిమిషాల దారి కాగితానికి రెండు నెలలు.

అవతలి ఒడ్డున ఎల్లమ్మ గుడి ఉండేది. ఏటా ఎండల్లో జరిగే జాతరలో మా ఊరి దళితవాడలోని పేదింటి ఆడపిల్లల్ని జోగినులుగా విడిచేవాళ్లు. అమ్మవారి పేరు చెప్పి పిల్ల మెడలో తాళి కట్టించడం, ఆ తర్వాత ఊరి పెద్దలు ఆ పిల్ల తమ సొత్తన్నట్టు చెయ్యి వెయ్యడం. దీన్ని ఆచారం అనేవాళ్లు. నేను ఇంకో మాట అనేదాన్ని, అది ఇక్కడ రాయను. నిషేధిస్తూ చట్టం అప్పటికే వచ్చింది, మండలాఫీసు గోడకు పోస్టరు కూడా అంటించారు.

ఒక ఏడు ఆ వాడ పిల్లను విడుస్తున్నారని తెలిసి మా ఎస్సై దగ్గరికి పరుగెత్తాను. పాపం, జీపు తీసుకుని వచ్చాడు. వాగు ఒడ్డున ఆపేశాడు.

"గుడి మా లిమిట్స్‌ల లేదు నర్సమ్మా. అటు దిగితె నా నౌకరి పోతది," అన్నాడు.

వాగు దాటి అవతలి ఎస్సై దగ్గరికి పోయాను. "పిల్ల మీ జిల్లాది గద. ఫిర్యాదు గాడనే ఇయ్యాలె," అన్నాడు ఆయన. ఇద్దరూ చెడ్డవాళ్లు కారు, నాకు ఒళ్లు మండింది అందుకే. నేను అటూ ఇటూ తిరిగేలోపు తాళి కట్టడం అయిపోయింది. ఆ పిల్ల ముఖం చూడలేక ఆరు నెలలు ఆ వాడకు చుట్టుదారిన వెళ్లాను. సిగ్గుపడుతూనే చెప్తున్నాను.

మరుసటేడు జాతరకు పది రోజుల ముందు, అయిదో తరగతి చదివే పదకొండేళ్ల పిల్ల ఇంట్లో కొత్త చీర పసుపునీళ్లలో నానుతూ కనిపించింది. విడిచే పిల్లకు కట్టే చీర అది. ఏమిటని తల్లిని అడిగాను.

"చిన్నోనికి ఫిట్స్ వస్తున్నయి గద నర్సమ్మా. పిల్లను ఇడిస్తె తగ్గుతదని పటేలు చెప్పిండు. మొక్కుకున్నం," అంది.

"ఫిట్స్‌కు దవాఖానల బిళ్లలున్నయి. పిల్లనెందుకు బలిపెడతవు?" అని అరిచాను.

ఆమె ఏడ్చింది. "నాకు మాత్రం ఇష్టమా? మాట తప్పితె పటేలు మమ్ముల ఊళ్లె బతకనిస్తడా?"

ఆ వాడలోనే ఒక పెద్ద జోగిని ఉండేది, యాభై దాటిన మనిషి. ఈ సంగతి ఆమె ముందు వెళ్లబోసుకుని తిట్టాను, పటేలును, పోలీసులను, వాగును. అంతా విని ఆమె అంది: "నువ్వు ఒక్కొక్కల తానికి పోతె ఒక్కొక్కడు తప్పించుకుంటడు బిడ్డా. అందరు ఒక్కతాన కూసున్ననాడు అడుగు."

అందరూ ఒక్కచోట కూర్చునేది ఏడాదికి ఒక్కసారే, జాతర మీటింగుకు. నీళ్ల ట్యాంకర్లు, కరెంటు స్తంభాలు, బందోబస్తు, కలరా సూదులు, ఇవి మాట్లాడుకోవడానికి రెండు జిల్లాల వాళ్లూ అవతలి ఊరి బడి వరండాలో చేరేవాళ్లు. సూదులు నా పని కాబట్టి నన్నూ పిలిచేవాళ్లు. ఆ ఏడు పెద్ద జోగినిని వెంట తీసుకుపోయి మెట్ల మీద కూర్చోబెట్టాను.

ఆరు అంశాలు అయిపోయాయి. చాయ్ వచ్చింది. అధ్యక్షత వహించిన అవతలి మండలాఫీసరు, "ఇంకేమన్న ఉన్నయా?" అన్నాడు, ఉండవన్న ధైర్యంతో.

"ఉన్నది సార్. ఏడో అంశం," అని లేచాను. పిల్ల వయసు చెప్పాను, మంగళవారం విడుస్తారని చెప్పాను. 

గుడి పెద్దగా వచ్చిన మా ఊరి పటేలు నవ్వాడు. "గుడి ముచ్చట నర్సమ్మకెందుకు? సూదులేసుకొమ్మనుర్రి." కొందరు నవ్వారు.

మెట్ల మీది మనిషి లేచింది. "నన్ను గీ గుడిలనే ఇడిసిర్రు. నాకప్పుడు తొమ్మిదేండ్లు. అమ్మవారు నన్నేమీ అడగలె. అడిగినోళ్ల పేర్లు చెప్పమంటరా?"

 పటేలు చాయ్ గ్లాసు కింద పెట్టి చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

"రాయి," అన్నాడు మండలాఫీసరు గుమాస్తాతో.

"ఏ డిపార్ట్‌మెంటు కింద రాయాలె సార్?"

"అందరి కింద రాయి."

అక్కడినుంచి పని పరుగెత్తింది. పిల్ల ఇంటినుంచి వాగు దాకా మా ఎస్సై, వాగునుంచి గుడి దాకా అవతలి ఎస్సై. "మరి నడుమ వాగుల ఎవరు?" అన్నాను. "ఇద్దరం ఉంటం తల్లీ, కూసో," అన్నారు ఇద్దరూ. చిన్నోడికి మందులు మా డాక్టరు చూసుకుంటానన్నాడు. ఆడపిల్లల హాస్టలు వార్డెను ఒక ముస్లిం ఆవిడ. జూన్ దాకా సీట్లు లేకపోతే ఏమిటి, పిల్లను తన ఇంట్లో పెట్టుకుంటానంది. "ఫికర్ జెయ్యకు నర్సమ్మా. పోయినేటి పిల్లకు గూడ జాగా ఉన్నది," అంది. ఆ పిల్లను మర్నాడే మండలాఫీసరు స్వయంగా వెళ్లి తెచ్చి ఆమెకు అప్పగించాడు. ఆ రోజు లేచేముందే మీటింగు పుస్తకంలో అందరూ సంతకాలు పెట్టారు. పటేలు జారుకోబోతుంటే నేనే అడ్డంపడి కలం చేతికిచ్చాను. "మీరు గూడ సభ్యులే గద," అన్నాను వినయంగా. జీవితంలో అంత వినయం మళ్లీ ఎవరిమీదా చూపలేదు.

మంగళవారం పొద్దున రెండు జీపులు వాగు ఇసుకలో ఎదురెదురుగా నిలబడ్డాయి. నేను సూదుల బల్ల పక్కనే వేసుకున్నాను. డప్పులతో బండి వాగులోకి దిగింది. పిల్ల ముఖమంతా పసుపు, నుదుటి నిండా కుంకుమ, మెడలో వేపాకు దండ. పోలీసులు బండి ఆపారు. మండలాఫీసరు ఏడో అంశం గట్టిగా చదివాడు. పిల్ల తండ్రి చేతులు జోడించి, "నేనేం జేతు సారూ, పటేలుకు ఏం జెప్పాలె?" అన్నాడు.

"పటేలు దస్కతు గూడ ఇందులనే ఉన్నది. చూస్కో," అని మండలాఫీసరు పుస్తకం ముందు పెట్టాడు.

చదువు రాకపోయినా తండ్రి ఆ పేజీని చాలాసేపు చూశాడు. తల్లి అంతసేపు ఆగలేదు. బండి ఎక్కి, కూతుర్ని చంకనెత్తుకుని దించి, వేపాకు దండ తెంపి ఇసుకలో పారేసింది. "తీస్కపో నర్సమ్మా. సదివియ్యి," అంది. నేను అందరి ముందూ భోరున ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వాను. గెలవడం అంటే అంత బాగుంటుందని నాకు అంతకుముందు తెలియదు.

జీపు స్టార్టు చేశారు. పిల్ల ఎక్కలేదు. వాగులో నీళ్లకోసం తోడుకున్న చెలిమె ఒకటి పక్కనే ఉంది. అక్కడ మోకాళ్ల మీద కూర్చుని, దోసిళ్లతో నీళ్లు తీసుకుని ముఖం కడుక్కోవడం మొదలుపెట్టింది. పసుపు ఒక పట్టాన పోదు. చెంపలు రుద్దింది, నుదురు రుద్దింది, చెవుల వెనక కూడా రుద్దింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు.  ఇద్దరు ఎస్సైలు, మండలాఫీసరు, డాక్టరు, వార్డెను, రెండు జిల్లాల ప్రభుత్వమూ ఆ ఎండలో నిలబడి, ఒక పిల్ల ముఖం కడుక్కోవడం అయ్యేదాకా ఆగింది. తర్వాత ఆమె లేచి, తడి ముఖం తల్లి కొంగుకు తుడుచుకుని, "పోదాం," అంది.