కృపావతి వంపేసిన కప్పు

ఐర్లండులోని లెటర్‌కెన్నీలో, తెలుగు క్రైస్తవ సహవాసంలో కృపావతిని మించిన పనిమంతురాలు లేదనేవాళ్లు. నెలనెలా మొదటి ఆదివారం సంస్కారం, అదే రొట్టే ద్రాక్షరసమూ పుచ్చుకోవడం, అయ్యాక ఒక్కొక్కరికీ రసం పోసిచ్చిన చిన్న కప్పుల్ని ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. అద్దె హాలు వెనక వంటగదిలో నిలబడి ముప్పై రెండు కప్పులూ తళతళలాడేట్టు కడిగి ప్రెస్‌లో, అంటే అలమరలో, సర్దేది. ఎంత భక్తో అనుకునేవాళ్లు జనం. భక్తీ లేదు పాడూ లేదు, భయం! మూడేళ్లుగా వాటిలో ఒక్కదానికీ ఆమె పెదవి ఆనించలేదు.

జరిగింది ఇదీ. ఆమె ఆ ఊళ్లోనే నర్సింగ్ హోమ్ అనే ఒక వృద్ధాశ్రమంలో కేరర్, అంటే ముసలివాళ్లకి సపర్యలు చేసే మనిషి. మంచం మీంచి లేవలేని ఎడ్వర్డ్ అనే పెద్దాయన్ని, పుండ్లు పడకుండా, రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. మనుషులు చాలని ఒక మధ్యాహ్నం, తిప్పకుండానే తిప్పినట్టు కాగితం మీద రాసేసింది. సాయంత్రానికి ఆయన తుంటి మీద చర్మం చిట్లింది.  మర్నాడే కృపావతి మేనేజరు దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు ఒప్పుకుంది. హెచ్చరించి, మళ్లీ ట్రైనింగ్‌కి పంపారు. ఆరు వారాల్లో పుండు మానింది. ఎడ్వర్డ్ అయితే ఆమె చెయ్యి పట్టుకుని, "యూ ఆర్ గ్రాండ్, లవ్" అనేశాడు కూడా, ఏం ఫర్వాలేదమ్మా అన్నట్టు.

అయినా ఈవిడ మనసు ఒప్పుకుంటేగా! గుంటూరులో వాళ్ల నాయనమ్మ, తప్పు చేసి ప్రభువు బల్ల దగ్గరికి, అంటే సంస్కారానికి, వెళ్లకూడదనేది. సరే, కడిగి కడిగి ఎప్పటికైనా అర్హత తెచ్చుకుందామనుకుంది. ఎన్ని నెలలు కడిగితే సరిపోతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మొన్న ఏప్రిల్లో పాస్టరు ఆమోసు మంచినీళ్లకని వంటగదిలోకి వచ్చాడు. వారమంతా ఆసుపత్రిలో నర్సు పని చేసే మనిషి, కళ్లు చురుకు. కృపావతి నిండు కప్పొకటి సింకులో వంపేస్తోంది.

"ఎవరిదమ్మా అది?"

"నాదే అయ్యగారూ," అంటూనే ఏడ్చేసింది. ఏడుస్తూనే మొత్తం చెప్పేసింది.

ఓదారుస్తాడనుకుంది. ఆయనకి కోపమొచ్చింది.

"దేవుడు కొట్టేసిన కేసు తిరగదోడ్డానికి నువ్వెవరివమ్మాయ్? క్రీస్తు ప్రాణం పెట్టింది చాలక, పైన నీ గిన్నెలు తోమడం కూడా కావాల్సొచ్చిందా? నిన్ను నీతిమంతురాలన్నాడాయన. నమ్ముతావా, లేదా? వచ్చే నెల స్పాంజి ముట్టుకున్నావంటే ఊరుకోను. ఉత్త చేతుల్తో రా."

నెలంతా కృపావతికి ఒకటే గుబులు. కడగడం కూడా లేకపోతే ఇక ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి?

మే మొదటి ఆదివారం వరస కదిలింది. కృపావతి ఉత్త చేతుల్తోనే వెళ్లి మోకరించింది. రొట్టె ముక్క పెట్టారు, కప్పు ఇచ్చారు. తాగింది. అమ్మయ్య! ద్రాక్షరసం అంత తియ్యగా ఉంటుందన్న సంగతే మర్చిపోయింది. గుండెల మీంచి బండ దించినట్టయింది. అందరి ముందూ భోరుమని ఏడ్చి, మధ్యలో నవ్వింది కూడా.

అలవాటుకొద్దీ వంటగదిలోకి వెళ్తే ఆమోసు చొక్కా చేతులు మడిచి సింకు ముందున్నాడు, మోచేతుల దాకా నురగ.

"నీది కూడా కడిగేశా, వెళ్లు," అన్నాడు.

ఆమె వెళ్లి కూర్చుని అందరితో పాటు టీ తాగింది.

జూన్‌లో మళ్లీ కృపావతే కడిగింది, కేవలం అవి ఎంగిలి కప్పులు కాబట్టి. ముప్పై రెండు, అందులో ఒకటి తనది. పాడుకుంటూ కడగడంతో మునుపటంత తళతళలాడలేదు.