భోజనాల గంటకు మాయమయ్యే ఇజ్జా

అజీలాల్ పట్టణంలోని మా బాలికల హాస్టల్‌కి ఆ ఏడు కొండ మీది ఊరి నుంచి ఇజ్జా అనే పిల్ల వచ్చింది. నా పక్క మంచమే ఆమెది. "తూదా, తూదా" అంటూ పొద్దస్తమానం నాతోనే తిరిగేది. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేసరికి మాత్రం మాయమయ్యేది. అడిగితే "ఆకలి లేదే" అనేది. నా మీద కోపం వచ్చిందా, ఇంకెవరితోనైనా జట్టు కట్టిందా అని నాకు ఒకటే ఆరాటం.

ఒకరోజు వెంబడించాను. వంటింటి వెనక వసారాలో, మోచేతుల దాకా పిండి పూసుకుని, రాత్రి రొట్టెలకు పిండి పిసుకుతోంది. పక్కన వంటావిడ హద్దా పిన్ని పుదీనా టీ తాగుతోంది.

"ఇక్కడేం చేస్తున్నావే?" అన్నాను.

ఇజ్జా తల వంచుకుంది. "భోజనాల హాల్లో అందరూ ఒక్కసారిగా మాట్లాడుతుంటే గుండె దడదడలాడుతుంది, తూదా. ఊపిరాడదు. పిండిలో చేతులు పెడితే నెమ్మదిస్తుంది."

"అయితే నా మీద కోపం కాదా?"

"నీ మీద కోపమెందుకే, పిచ్చిమొహమా!"

"ఈ పిల్ల వచ్చాకే నా చేతులకి కాస్త సుఖం. తీసుకుపోతానన్నావో, ఊరుకోను," అంది పిన్ని.

నేనూ చేతులు కడుక్కుని ఒక పిండి ముద్ద అందుకున్నాను. అది వేళ్లకు అంటుకుపోయి ఎంతకీ వదల్లేదు. ఇజ్జా పగలబడి నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వగలదని నాకు అప్పుడే తెలిసింది.

కొన్నాళ్లు ముగ్గురం వసారాలోనే తిన్నాం. చలి ముదిరాక ఇజ్జా తనంతట తనే హాల్లోకి వచ్చి, తలుపు పక్క బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. దడ పుట్టిన రోజున లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆమె పప్పు గిన్నె పట్టుకుని నేను వెనకే వెళ్లేదాన్ని.