నెలల దండెం

చిత్తూరు నుంచి ఐరాల పోయే బస్సు సగం దారిలో, చెరుకు తోటల నడుమ, టైరు పంచరై కుంటుతూ ఆగింది. డ్రైవరు దిగి చక్రాన్ని ఒక తన్ను తన్ని, "ఓ మునీ, ఆ రాయి ఇట్లా అందీప్పా!" అని అరిచాడు. నలుగురు మగవాళ్లు ఒకేసారి తలలు తిప్పారు. ఈ సీమలో అది వింతేమీ కాదు. మునిరత్నాలు, మునికుమార్లు, మునస్వాములు లేని బస్సు ఈ దారుల్లో ఇంతవరకు తిరగలేదు. జనాభా లెక్కలకు వచ్చే అయ్యవార్లకు ఇంకా మతి ఎలా నిలిచి ఉందో వాళ్లకే తెలియాలి. ఆ నలుగురిలో, చేతి సంచి కింద పెట్టి రాయి అందించినవాడు మునిచంద్ర. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లారీ తోలుతాడు. అతని చొక్కా పట్టుకుని వెనకే నడిచింది ఐదేళ్ల కూతురు కోమలి.

ఆ సంచి నిండా కోమలి గౌన్లు, దువ్వెన, ఒకటో తరగతి పుస్తకాలు. పిల్లను ఐరాలలో అత్తగారు దేవకమ్మ దగ్గర దింపి, ఆ ఊరి బళ్లో వేసి రావాలని అతని తీర్మానం. భార్య రెండు రోజులుగా అన్నం సరిగా తినలేదు. అయినా అతను మెత్తబడలేదు. అన్న కూతురు ఐశ్వర్య, కోమలి ఒకే బడి, ఒకే తరగతి, ఒకే బెంచి. ఐశ్వర్య రాత అచ్చు గుద్దినట్టుంటుంది. కోమలి రాత కోడి కెలికినట్టుంటుంది. మొన్న బళ్లో పెద్దవాళ్లను పిలిచి, రెండు పుస్తకాలూ పక్కపక్కన పరిచి, "ఈ పాప వెనకబడింది" అన్నారు. అప్పుడు వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం మునిచంద్ర చూశాడు. టౌను బడి మన పిల్లకు అచ్చిరాదని అక్కడే తేల్చేసుకున్నాడు.

బస్సు దిగిన జనంలో కొందరు చెరుకు గానుగ వైపు పోయారు. బెల్లం పాకం వాసన వస్తుంటే ఎవరి కాళ్లయినా ఆగుతాయా? రోడ్డు పక్క మోరీ గోడ మీద ఒక పెద్దావిడ మాత్రం కూర్చుని ఎండు వేరుశెనక్కాయలు ఒలుచుకుంటోంది. నేత చీర, మగవాళ్ల చెప్పులు, పక్కన ఉబ్బిపోయిన గుడ్డ సంచి. కోమలి ఆశగా చూస్తే ఒక కాయ చేతిలో పెట్టింది.

"నువ్వే ఒలుసుకోమ్మా, సూద్దాం."

కోమలి నొక్కింది. రెండు చేతులతో నొక్కింది. మొహం ఎర్రబడింది. చివరికి కాయ నోట్లోకి పోయింది.

"పండ్లతో కాదే, వేళ్లతో!" అని పెద్దావిడ పకపకా నవ్వి, తల ఎత్తింది. "ఏమప్పా, పాప రాత ఎట్లుండాది?"

మునిచంద్రకు ఒళ్లు మండింది. కాయ ఒలవడం చూసి రాత సంగతి అడిగే మనిషిని అతను అంతవరకు చూడలేదు. "మీరెవరమ్మా?"

"రెబెకా. మాది నగరి. ముప్పై నాలుగేండ్లు ఒకటో తరగతికే సెప్పినా. రెండో తరగతి ఇస్తామన్నారు, వద్దన్నా."

ఆవిడ సంగతి కొంచెం చెప్పుకోవాలి. బస్సు ఎలాగూ కదలదు. రెబెకా తల్లి నగరిలో నేతగాళ్ల ఇళ్లలో కండెలు చుట్టే కూలికి పోయేది. ఒంటరిగా బడికి పోనని అక్క మొండికేస్తే, తోడుగా నాలుగేళ్ల రెబెకాను కూడా పంపి, అయ్యవారికి ఆరేళ్లని చెప్పారు. తరగతిలో అందరికంటే చిన్నది. బలపం నిలిచేది కాదు, స్కేలు దెబ్బలతో వేళ్ల కణుపులు వాచేవి. మొద్దు అన్నారు. రెండో తరగతి తప్పింది కూడా. సాయంత్రాలు తల్లి పక్కన కూర్చుని, సన్నటి నూలు తెగకుండా కండెలు చుట్టేది. నాలుగో తరగతికి వచ్చేసరికి రాత దానంతటదే కుదురుకుంది. ఎవరూ నేర్పలేదు. వేళ్లకు వయసొచ్చింది, అంతే. అన్నేళ్లు తిట్టినవాళ్లలో ఒక్కరైనా నీ పుట్టిన నెల ఏదని అడగలేదే అన్న మాట మాత్రం ఆవిడ మరిచిపోలేదు. ఉద్యోగం నుంచి దిగి నాలుగేళ్లయినా ఇంట్లో కాలు నిలవదు. రానిచ్చిన బడికల్లా పోతుంది. ఇంటి తాళంకన్నా బస్సు పాసే ఎక్కువ అరిగింది.

"పుస్తకం తీ, సూద్దాం."

తీయకూడదనుకుంటూనే మునిచంద్ర తీశాడు; అన్న కూతురి పుస్తకం పక్కన పరిచిన సంగతీ, పిల్లను ఐరాలలో దింపబోయే సంగతీ కక్కేశాడు. నాలుగు గీతల పుస్తకంలో 'పలక' అని పది వరసలు. ఒక చోట తలకట్టు, గాలికి ఎగిరిన తలపాగాలా పై గీత దాటిపోయింది.

రెబెకా టీచరు సంచిలోంచి కాగితాల కట్ట, పాత హార్లిక్స్ డబ్బా నిండా బట్టల క్లిప్పులు తీసింది. లేచి, చెరుకు తోట కంచె తీగకు ఒక్కో కాగితం తగిలిస్తూ నడిచింది. ఉతికిన బట్టలు ఆరేస్తున్నట్టే ఉంది వాలకం. అన్నింటి మీదా ఒకటే మాట, పలక. ఏదో ఊళ్లో ఒకటో తరగతి పిల్లలు ఒకే పూట రాసింది. మూలన పుట్టిన నెల.

"ఈ కొస జూన్, తరగతిలో అందరికంటే పెద్దోళ్లు. ఆ కొస మే, కడగొట్టోళ్లు. నడిసి సూడప్పా."

మునిచంద్ర నడిచాడు. జూన్ దగ్గర అక్షరాలు గీతల మధ్య కుదురుగా కూర్చున్నాయి. అక్టోబరు దగ్గర కాస్త కదిలాయి. ఫిబ్రవరికి ఒళ్లు విరుచుకున్నాయి. ఏప్రిల్, మే వచ్చేసరికి ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్నాయి. అతను నడిచిన దారినే వెనక్కి నడిచాడు. ఈసారి ఒక పిల్ల లేచి నిలబడి, తప్పటడుగులు వేసి, నడక నేర్చినట్టు అనిపించింది.

"ఇదేందమ్మా, ఆగస్టు పిల్లోడు ఇంత గలీజుగా రాసినాడు? ఈ ఏప్రిల్ పిల్లది సూస్తే ముత్యాలు!"

"పిల్లోళ్లు గదప్పా! ఒగరిద్దరు నా దండేనికి లొంగరు. మిగతావోళ్లను సూడు. మీ పాపది ఏ నెల?"

"మే" అని, పుస్తకంలోంచి కాగితం చించి మే పక్కన తగిలించాడు.

"కాదు నాయనా!" కోమలి నోట్లో పప్పుతోనే అరిచింది. "నా పుట్టినరోజు వినాయక చవితి అయినాంక! అవ్వ కాణిపాకం నించి లడ్లు తెస్తాది గదా!"

రెబెకా టీచరు కళ్లజోడు పైనుంచి చూసింది. మునిచంద్ర మెడ గోక్కున్నాడు.

"అది... బళ్లో వయసు సాల్లేదన్నారు. ఐశ్వర్యతో పాటే సేరిపిస్తే తోడుంటాదని మే అని రాయించినా. నాలుగు నెల్ల తేడా ఏముందిలే అమ్మా, ఇద్దరిదీ ఒగే ఈడు."

"ఒగే ఈడా? ఈ పాప పుట్టినప్పుడు ఆ పాప ఏం సేస్తా ఉన్నింది?"

"ఏం సేస్తాదమ్మా! ఆస్పత్రి వరండాలో ఒగటే పరుగు. పట్టుకోను మా అన్నకు సేత కాలా, రెండు సార్లు నర్సమ్మకే అడ్డం..."

ఆ వరండా అతని కళ్ల ముందుకొచ్చింది. ఒక చేతిలో తువ్వాలులో చుట్టిన పసిగుడ్డు, ఎదురుగా గజ్జెలు మోగిస్తూ పరుగెత్తే పిల్ల. ఆ ఇద్దరి పుస్తకాలనే మొన్న పక్కపక్కన పరిచారు. రాయించిన తేదీని అందరికంటే ముందు నమ్మినవాడు తనే.

అతను మే దగ్గరికి పోయి క్లిప్పు తీశాడు. జూన్, జూలై, ఆగస్టు, సెప్టెంబరు అని పెదవులు కదిలిస్తూ నాలుగు అడుగులు వేసి, కాగితాలన్నీ అయిపోయి ఖాళీ తీగ మాత్రమే ఉన్నచోట, కూతురి పలకను తగిలించాడు. వెనక్కి జరిగి చూశాడు. అక్కడ అది అంత అన్యాయంగా లేదు. మే పిల్లవాడి దానికంటే ఒక పిసరు నయమే.

"నాదే బాగుండాది నాయనా" అంది కోమలి.

"బళ్లో వాళ్లను ఒగ మాట అడుగు" అంది రెబెకా టీచరు. "రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టినారే, రెండు పుట్టినరోజులు కూడా పెట్టినారా అని."

"పెట్టినా తప్పుదే ఉండేది గదమ్మా. రాయించింది నేనే."

"అదీ సెప్పు. నోరుండాది గదా."

"కింది తరగతికి దించితే?"

"దించితే దించనీ. రాత్రికి వాళ్లమ్మ పక్కనే గదా పండుకునేది? రోజుకు గుప్పెడు శెనక్కాయలు ఒలిపించు. పూలు కట్టనీ, చపాతీ పిండి పిసకనీ. సెయ్యి మాత్రం ఎత్తమాక."

టైరు బిగించడం అయింది. డ్రైవరు హారను మోగించాడు. గానుగకు పోయినవాళ్లు వేళ్లు నాకుకుంటూ తిరిగొచ్చి ఎక్కారు. కండక్టరు మెట్టు మీద నుంచి పిలిచాడు. "ఏమప్పా, ఐరాల టికెట్టు! ఎక్కవా?"

"ఎక్కనన్నా. చిత్తూరు పోవల్ల."

"అక్కణ్ణించే గదా వచ్చినావు?"

"అక్కడికే పోవల్ల."

బస్సు కదిలిపోయాక, ఆవిడకు ఒక మంచి మాట చెబుదామని మునిచంద్ర కంచె వైపు తిరిగాడు. తీగ ఖాళీ. క్లిప్పు ఒక్కటి కూడా లేదు. తోట గట్టు మీద నేత చీర, భుజాన ఉబ్బిన సంచి, మగవాళ్ల చెప్పులు టపటపా. ఎదుటి పల్లె బడి పెంకుటింటి వైపు చకచకా నడిచిపోతోంది. చెప్పా పెట్టకుండా పోవడమేమిటని అతను నోరు తెరిచేలోగా కోమలి గొల్లుమంది.

"నాయనా! నా కాయితం కూడా ఎత్తుకోని పోతా ఉండాది!"

"ఓ టీచరమ్మా!" అని మునిచంద్ర రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి కేకేశాడు.

ఆవిడ వెనక్కి తిరగలేదు. చెరుకు ఆకుల మీదుగా సంచి ఇంకో రెండుసార్లు కనబడింది, ఆ తర్వాత అదీ కనబడలేదు.